గణితకవి పావులూరి మల్లన

తెలుగు సాహిత్యానికి ఆదికవి నన్నయ. ఆయన రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని ఆస్థానాన మహాభారతాన్ని ఆంధ్రీకరించడంతో తెలుగున కావ్యరచనకు రాజమార్గం ఏర్పడింది. అయితే ఒక భాష సంపన్నమైనదని చెప్పుకోవడానికి కావ్యాలు మాత్రమే చాలవు. పొలం కొలవడానికి, వడ్డీ కట్టడానికి, చెరువు తవ్వించడానికి, గ్రహాల నడక తెలుసుకోవడానికి అవసరమైన శాస్త్రాన్ని కూడా ఆ భాష మోయగలగాలి. నన్నయ కాలానికి తెలుగువాడు శాస్త్రం నేర్వాలంటే ముందుగా సంస్కృతం నేర్వవలసి ఉండేది. ఆ అడ్డుగోడను తొలగించడానికి పూనుకొన్న మొదటి కవి పావులూరి మల్లన. తెలుగులో తొలి శాస్త్రగ్రంథకర్తగా ఆయన పేరు సాహిత్య చరిత్రలో నిలిచిపోయింది.

మల్లన వంశీయులది కమ్మనాడులోని పావులూరు. ఆ ఊరి పేరే వారికి ఇంటి పేరయింది. వీరి వంశంలో తాత పేరు, మనుమని పేరు కూడా మల్లనే. తాత అయిన మల్లనకు రాజరాజనరేంద్రుడు పిఠాపురానికి చేరువలోని నవఖండవాడను అగ్రహారంగా ఇచ్చాడు. ఆయన కుమారుడు శివన్న, శివన్న కుమారుడు మరొక మల్లన. గణితగ్రంథాన్ని రచించినది నన్నయకు సమకాలికుడైన తాత అని కొందరు సాహిత్య చరిత్రకారులు, 12వ శతాబ్దపు తొలి భాగంలో జీవించిన మనుమడు అని మరికొందరు నిర్ణయించారు. ఏ మతాన్ని అంగీకరించినా, భారతాంధ్రీకరణం ఆరంభమైన కాలానికి ఒకటి రెండు తరాలలోపే తెలుగులో గణితశాస్త్రం వెలసిందన్న మాట నిర్వివాదం.

మల్లన తన రచనకు మూలంగా గ్రహించినది మహావీరాచార్యుని గణితసారసంగ్రహం. మహావీరాచార్యుడు 9వ శతాబ్దానికి చెందిన జైన గణితవేత్త. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలంలో ఆయన ఈ సంస్కృత గ్రంథాన్ని కూర్చాడు. అంతకు పూర్వం గణితం సాధారణంగా జ్యోతిషగ్రంథాలలో ఒకటి రెండు అధ్యాయాలుగా ఇమిడి ఉండేది. మహావీరుడు దానిని జ్యోతిషం నుండి వేరుచేసి, గణితానికే అంకితమైన స్వతంత్ర గ్రంథంగా తీర్చాడు. వర్తకుని లెక్క, పొలం వైశాల్యం, గోతి ఘనపరిమాణం, నీడ పొడవును బట్టి వస్తువు ఎత్తు వంటి లోకవ్యవహారాలకు అందులో సూత్రాలున్నాయి. పండితునికంటె గృహస్థుకు ఎక్కువగా ఉపయోగపడే ఇటువంటి గ్రంథాన్ని ఎన్నుకోవడంలోనే మల్లన దృష్టి తెలుస్తున్నది.

అనువాదం సులభమైన పని కాదు. కావ్యంలో ఒక విశేషణం తగ్గినా, ఒక ఉపమానం మారినా రసానికి పెద్ద లోపం రాదు. గణితంలో ఒక్క పదం తారుమారైతే ఫలితం తప్పవుతుంది. పైగా ఆ కాలంలో శాస్త్రమైనా పద్యంలోనే చెప్పాలి. పద్యానికి గణాలుండాలి, యతి ఉండాలి, తెలుగు పద్యానికి ప్రాస కూడా ఉండాలి. ఒకవైపు ఛందస్సు, మరొకవైపు అంకెలు కవి చేతులను కట్టివేస్తాయి. ఈ రెండు నిర్బంధాల నడుమ మల్లన సూత్రాలను తెలుగు పద్యాలలో పొదిగాడు. జైన సంప్రదాయానికి చెందిన ఉదాహరణల స్థానంలో తన ప్రజలకు పరిచితమైన శైవ సంప్రదాయ విషయాలను చేర్చాడు. కొన్ని భాగాలను సంగ్రహించాడు, మరికొన్నిచోట్ల మూలంలో లేని కొత్త లెక్కలను జోడించాడు. అందుచేత ఆయన గ్రంథం మక్కికి మక్కిగా చేసిన అనువాదం కాదు, తెలుగుదేశానికి అనువుగా పునర్నిర్మించిన గ్రంథం. సారసంగ్రహ గణితమన్న పేరుకంటె పావులూరి గణితమన్న పేరే ప్రజల నోట నిలవడం అందుకు తగిన గౌరవం.

మల్లనకు పెద్ద సంఖ్యల సొగసు పట్ల ప్రత్యేకమైన మక్కువ ఉన్నది. మహావీరుడు గుణకారం బోధించేటప్పుడు విచిత్రమైన ఫలితాలనిచ్చే కొన్ని లెక్కలను చూపాడు. 142857143ను 7చేత గుణిస్తే 1000000001 వస్తుంది. 152207ను 73చేత గుణిస్తే ఎనిమిది ఒకట్ల వరుస వస్తుంది. ఎడమనుండి చదివినా కుడినుండి చదివినా ఒకే తీరుగా ఉండే ఇట్టి సంఖ్యలను ఆయన కంఠహారాలతో పోల్చాడు. మల్లన ఈ హారాలను తెలుగులోనికి తెచ్చి, అదే జాతికి చెందిన మరికొన్ని లెక్కలను తానుగా కూర్చాడు. గుణకారమంటే విసుగుపడే బాలునికి సమాధానంగా ఒక ముత్యాలపేరు కనిపిస్తే, ఆ బాలుడు మరొక లెక్క చేయడానికి తానే ముందుకు వస్తాడు. లెక్క సరిగా చేశాడో లేదో ఎవరినీ అడగకుండానే తెలుసుకొంటాడు. ఒక్క అంకె తప్పినా హారం తెగిపోతుంది గదా!

మల్లన పేరు వినగానే పండితులకు ముందుగా జ్ఞాపకం వచ్చేది చదరంగపు లెక్క. చదరంగం భారతదేశంలో పుట్టిన ఆట. దాని పలకపై 64 గళ్లుంటాయి. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లు ప్రతి గడిలోను ముందు గడికి రెట్టింపు గింజలుంచితే మొత్తం ఎన్ని గింజలు కావాలి అన్నది ప్రశ్న. ఆట కనిపెట్టిన మేధావి రాజును ఈ గింజలనే బహుమానంగా కోరాడని, రాజు మొదట నవ్వి తరువాత నివ్వెరపోయాడని ఒక కథ అనేక దేశాలలో వ్యాపించింది. 11వ శతాబ్దపు ప్రారంభంలోనే మధ్యాసియా పండితుడు అల్ బీరూనీ ఈ లెక్క కట్టాడు. మల్లన ఆ మొత్తాన్ని ఒకే ఒక తెలుగు పద్యంలో నిక్షేపించాడు. ఆ సంఖ్య 18446744073709551615.

ఇరవై అంకెల ఈ సంఖ్యను చంపకమాల వృత్తంలో ఇముడ్చుటకు ఆయన భూతసంఖ్యా పద్ధతిని అనుసరించాడు. ఈ పద్ధతిలో అంకెకు బదులు ఆ సంఖ్యతో లోకప్రసిద్ధమైన వస్తువు పేరు చెప్తారు. ఆకాశం శూన్యం గనుక సున్న. చంద్రుడొక్కడే గనుక ఒకటి. నేత్రాలు రెండు, అగ్నులు మూడు, వేదాలు నాలుగు, మన్మథుని బాణాలు ఐదు, ఋతువులు ఆరు, కులపర్వతాలు ఏడు, దిగ్గజాలు ఎనిమిది, శరీరంలోని రంధ్రాలు తొమ్మిది. ఒక్కొక్క వస్తువుకు సంస్కృతంలో అనేక పర్యాయపదాలు ఉన్నందున, ఛందస్సుకు ఏది ఒదిగితే కవి దానిని వాడుకోవచ్చు. అంకెలను ఒకట్ల స్థానం నుండి మొదలుపెట్టి ఎడమవైపుకు చదవాలన్నది నియమం. కనుక పద్యంలో మొదట వచ్చే పదం సంఖ్యలోని చివరి 5ను, అంకెలలో చివర వచ్చే పదం సంఖ్యలోని మొదటి 1ని తెలుపుతాయి.

ఈ ఏర్పాటు కేవలం చమత్కారానికి చేసినది కాదు. తాటాకుపై అంకెలను మాత్రమే వరుసగా వ్రాస్తే, ఒక తరం లేఖకుడు 7కు బదులు 9 వ్రాసినా తరువాతి తరానికి ఆ తప్పు తెలియదు. పద్యంలోని పదం మారితే గణం చెడుతుంది, లేదా యతి తప్పుతుంది, లేదా ప్రాస చెడుతుంది. చదివేవాని చెవి వెంటనే దోషాన్ని పట్టుకొంటుంది. ఛందస్సు చాలావరకు అంకెలకు కావలి కాసింది. ఎన్నో తరాల లేఖకుల చేతులు మారిన తరువాత కూడా ఆ పద్యంలో నేడు మనకు లభిస్తున్న ఇరవై అంకెలూ సరియైనవే. ఆధునిక యంత్రాలతో సరిచూచినా ఒక్క అంకె కూడా తప్పు పోలేదు.

ఇంత పెద్ద మొత్తం రాబట్టడానికి 64 గళ్ల గింజలను వేర్వేరుగా కూడనవసరం లేదు. ఒక ఉపాయం ఉన్నది. పొరుగువాని వద్ద ఒక గింజ బదులు తెచ్చి మొదటి గడిలోని గింజతో కలపాలి. రెండవుతాయి. వాటిని రెండవ గడిలోని రెండింటితో కలిపితే నాలుగు. ఆ నాలుగును మూడవ గడిలోని నాలుగుతో కలిపితే ఎనిమిది. ఇట్లు సాగుతూ చివరి గడి దాటేసరికి 2ను 64 సార్లు వేసి గుణించినంత మొత్తం చేతికి వస్తుంది. అప్పుడు బదులు తెచ్చిన గింజను తిరిగి ఇచ్చివేస్తే మిగిలినదే సమాధానం. అందువల్లనే ఆ సంఖ్య చివర 616 కాక 615 ఉన్నది. ఆ ఒక్క గింజ తేడాను గుర్తించడమే గణితజ్ఞుని నిష్ఠ.

2ను 64 సార్లు గుణించడానికి కూడా దగ్గరి దారి ఉన్నది. గుణశ్రేఢి మొత్తం కనుగొనడానికి మహావీరుడు గళ్ల సంఖ్యను సగం చేస్తూపోయే సూత్రం చెప్పాడు. 64లో సగం 32, తరువాత 16, 8, 4, 2, 1. ఆరు మెట్లతో ఒకటికి చేరుకొంటాము. కనుక 2తో మొదలుపెట్టి ఆరుసార్లు వర్గం చేస్తే చాలు. 2 వర్గం 4, దాని వర్గం 16, ఆపై 256, 65536, 4294967296, చివరకు 18446744073709551616. అరవైమూడు గుణకారాల శ్రమ ఆరు వర్గాలతో తీరిపోతుంది. ఇందులో నిజంగా కష్టమైనది చివరి వర్గం ఒక్కటే. కాగితం, కలం లేని కాలంలో పలకపై పరచిన ఇసుకలోనో, దుమ్ములోనో వ్రాస్తూ చెరుపుతూ ఇటువంటి లెక్కలను సాధించేవారు.

ఈ సంఖ్యను నేటి విద్యార్థి కూడా తన చేతనైన పద్ధతులతో పరీక్షించవచ్చు. దాని అంకెల మొత్తం 87. 87 మూడుచేత నిశ్శేషంగా భాగింపబడుతుంది, తొమ్మిదిచేత భాగింపబడదు. కనుక మల్లన సంఖ్య కూడా అంతే. చివరి అంకె 5 గనుక ఐదుచేత భాగింపబడుతుంది. ఒక సంఖ్య వర్గం నుండి ఒకటి తీసివేస్తే వచ్చేది, ఆ సంఖ్యకు ఒకటి తక్కువైన సంఖ్యకు, ఒకటి ఎక్కువైన సంఖ్యకు లబ్ధం. పైన చెప్పిన ఆరు వర్గాలకు ఈ నియమాన్ని వరుసగా వర్తింపజేస్తే, మల్లన సంఖ్య 3, 5, 17, 257, 65537, 4294967297 అనే ఆరు సంఖ్యల లబ్ధమని తేలుతుంది. ఈ ఆరింటికి ఐరోపా గణిత చరిత్రలో గొప్ప స్థానం ఉన్నది. 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా ఈ తరహా సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని విశ్వసించాడు. మొదటి ఐదింటి విషయంలో అది నిజమే. కాని ఆరవది 641చేత భాగింపబడుతుందని, భాగఫలం 6700417 అని 1732లో ఆయిలర్ నిరూపించాడు. ఆ రెండూ ప్రధాన సంఖ్యలే. ఈ విధంగా మల్లన సంఖ్యకు ఏడు ప్రధాన కారణాంకాలు, 128 భాజకాలు ఉన్నాయి. ఫెర్మాకు ఐదువందల సంవత్సరాలకు పూర్వమే తెలుగు పద్యంలో నిలిచిన ఆ సంఖ్య గర్భంలో ఈ రహస్యం దాగి ఉన్నది.

ఆ సంఖ్య పరిమాణాన్ని ఊహించడానికి వరి గింజలనే తీసుకొందాం. వెయ్యి వడ్లగింజల బరువు సుమారు 20 గ్రాములని అనుకొంటే, చదరంగపు పలకలో సగం వరకు, అనగా 32 గళ్లకు కావలసిన వడ్లు 86 టన్నులు మాత్రమే. పది టన్నులు మోసే లారీలు తొమ్మిది ఉంటే ఆ ధాన్యం వరంగల్లులోని ఎనుమాముల మార్కెట్టుకు చేరిపోతుంది. రాజు నవ్వినది ఈ సగం పలకను చూచియే కావచ్చు. మిగిలిన సగం నిండేసరికి మొత్తం 36 వేల కోట్ల టన్నులు దాటుతుంది. నేడు ప్రపంచమంతటా ఏటా పండే వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు. ఆ లెక్కన నాలుగున్నర శతాబ్దాల పంట అంతా ఆ పలకకే కావాలి. ఆ ధాన్యాన్ని 1,12,077 చదరపు కిలోమీటర్ల తెలంగాణ నేలపై సమంగా పరిస్తే మూడు నిలువుల ఎత్తు లేస్తుంది. రెట్టింపు అనే చిన్న మాట వెనుక ఇంత శక్తి ఉన్నది. చక్రవడ్డీ అప్పు కుటుంబాలను ముంచడంలోను, అంటువ్యాధి ఊళ్లను చుట్టుముట్టడంలోను పనిచేసేది ఈ సూత్రమే. మొదటి గళ్లను చూచి నిర్లక్ష్యం చేసినవాడు చివరి గళ్లకు బదులు చెప్పలేడు.

ఇంత పెద్ద సంఖ్యలకు మన పూర్వులు పేర్లు కూడా పెట్టారు. మహావీరుడు ఏకస్థానం నుండి మహాక్షోభం వరకు 24 స్థానాలను పేర్కొన్నాడు. ఆ వరుసలో ఇరవయ్యవది మహాశంఖం. చదరంగపు సంఖ్యలోని మొదటి 1 ఆ స్థానంలో ఉంటుంది. శంఖాన్ని దాటి ఇంకా నాలుగు స్థానాలు మిగిలి ఉన్నాయంటే, ఆ గణితజ్ఞుల ఊహ ఎంతటి విశాలమైనదో గ్రహించవచ్చు.

మల్లన వేసిన బాట తరువాతి తరాలలో మూసుకుపోలేదు. ఏలుగంటి పెద్దన భాస్కరాచార్యుని లీలావతిని ఆధారం చేసుకొని ప్రకీర్ణ గణితాన్ని తెలుగులో రచించాడు. 13వ శతాబ్దం నాటికి తెలుగుదేశంలో అధికభాగం కాకతీయుల ఏలుబడిలోనికి వచ్చింది. రాజధాని ఓరుగల్లు వాణిజ్యానికి కేంద్రమైంది. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన శాసనంలో ఏ సరకుకు ఎంత సుంకమో లెక్క కట్టి ఉన్నది. కోట వెలుపల, భోగేశ్వరాలయం వెలసిన మట్టెవాడ వంటి పేటలలో గాని, పల్లెల కల్లాలలో గాని తూము చేతబట్టి ధాన్యం కొలిచేవానికి, ఇరవై తూములైతే పుట్టి అని లెక్క వ్రాసుకొనేవానికి గణితం నిత్యావసరమే. రామప్ప, పాకాల వంటి చెరువులకు కట్టలు పోయడానికి ఎంత మన్ను తవ్వాలో ముందుగా అంచనా వేయాలి. ఇటువంటి పనులకు కావలసిన విద్యనే పావులూరి గణితం తెలుగులో బోధించింది. తరువాతి శతాబ్దాలలో గ్రామ కరణాలు ఈ గ్రంథాన్ని కంఠస్థం చేసి, తమ అవసరాన్ని బట్టి పద్యాలను చేర్చుకొంటూ కాపాడుకొన్నారు. పొలం గట్టు తగాదాలో గాని, వడ్డీ లెక్కలో గాని ఏమీ తెలియని రైతు మోసపోకుండా ఉండాలంటే, లెక్క అతని భాషలో ఉండాలి. మల్లన కృషికి అసలు ప్రయోజనం ఇదే.

కాలం మారినా ఆ సంఖ్య ప్రాముఖ్యం తగ్గలేదు, పైగా పెరిగింది. కంప్యూటరు సున్న, ఒకటి అనే రెండు గుర్తులతోనే పనిచేస్తుంది. ఒక్కొక్క స్థానం పెరిగినప్పుడల్లా అది చెప్పగల సంఖ్యల పరిధి రెట్టింపవుతుంది. చదరంగపు గడి వలెనే! ప్రస్తుతం విరివిగా వాడుకలో ఉన్న కంప్యూటర్లలో అంకెలను దాచే అరకు 64 స్థానాలుంటాయి. ఋణసంఖ్యలను విడిచిపెడితే ఆ అరలో పట్టే అతిపెద్ద పూర్ణసంఖ్య సరిగా మల్లన చెప్పిన 18446744073709551615. దానికి ఒకటి కలిపితే అర చాలక అంకెలన్నీ సున్నలవుతాయి. బదులు తెచ్చిన ఆ ఒక్క గింజకు నేటి యంత్రంలో కూడా చోటు లేదన్నమాట.

శాస్త్రాన్ని తెలుగులో చెప్పలేమని, సాంకేతిక విషయాలకు మన భాష చాలదని భావించేవారు ప్రతి తరంలోను ఉన్నారు. తెలుగు గ్రంథరచన ఇంకా శైశవదశలో ఉన్న రోజులలోనే, యతిప్రాసలను వదలకుండా, ఇరవై అంకెల సంఖ్యలో ఒక్క అంకెను కూడా జారవిడువకుండా మల్లన వారికి సమాధానం చెప్పాడు. ఆయనకు ముందు తెలుగులో గణిత పరిభాష అంటూ నిలదొక్కుకొన్నది లేదు. ఉన్న పదాలను ఏరి, లేని చోట సంస్కృతం నుండి తెచ్చి, తన ప్రజల నోటికి అలవాటు చేశాడు. నన్నయ తెలుగువారికి కథ చెప్పే భాషను ప్రసాదిస్తే, మల్లన లెక్క చెప్పే భాషను ప్రసాదించాడు. ఆ రెండింటిని సమానంగా పెంపొందించుకొన్నప్పుడే భాష సమగ్రమవుతుంది.